5 రూపాయల స్విచ్చి, 13 వేల రూపాయల తాళం

పాత కారున్న ప్రతివాడూ ఏదో ఒక రోజు వినాల్సిన మాట ఒకటుంది. "ఇది రిపేరు కాదు సార్, మొత్తం సెట్టు మార్చాల్సిందే." ఏ క్లచ్చి ప్లేటు గురించో అంటే సరేలే అనుకోవచ్చు, అది లోపల ఎక్కడో ఉంటుంది, మనకి కనపడదు. కానీ నేను మాట్లాడేది మన జేబులో ఉండే వస్తువు గురించి. రిమోట్ తాళం. నొక్కితే కుయ్ కుయ్ మని తలుపులు తెరుచుకునేది. ఆ తాళం కాస్త మొరాయించగానే సర్వీసు సెంటర్ వాళ్ళు చెప్పినంతా విని, కిక్కురుమనకుండా కార్డు గీకి బయటికొచ్చేవాళ్ళలో మన సాఫ్టువేరు జనమే ఎక్కువ. అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఎందుకు మండుతుందో చెప్తా. మన టీములో కొత్తగా చేరిన కుర్రాడు వచ్చి "లాగిన్ బటన్ పని చెయ్యట్లేదు, సర్వరు మొత్తం మార్చేద్దాం" అన్నాడనుకోండి. ఏమంటాం? లాగ్ చూశావా నాయనా, వేరే బ్రౌజర్లో ప్రయత్నించావా, అసలు రిక్వెస్టు అక్కడిదాకా వెళ్తోందా అని నాలుగు ప్రశ్నలడిగి వెనక్కి పంపిస్తాం. అదే మనిషి, అదే బుర్ర, కారు తాళం దగ్గరికొచ్చేసరికి ఒక్క ప్రశ్న కూడా అడగడు. పైగా "సెక్యూరిటీ కదా బాస్, ఒరిజినల్ వేయించుకోవడమే మంచిది" అని పక్కవాడికి సలహా కూడానూ!

సరే, ముందు ఆ తాళంలో ఏముందో చూద్దాం. జేబులో పెట్టుకుని బటన్ నొక్కి స్టార్టు చేసే రకం సంగతి వదిలెయ్యండి, అది వేరే కథ. 2000 తర్వాత పది పదిహేనేళ్ళ పాటు మన రోడ్ల మీదికొచ్చిన మామూలు కార్ల తాళం తీసుకుంటే, అందులో ఒకదానితో ఒకటి పెద్దగా సంబంధం లేని మూడు వస్తువులుంటాయి. ఒకటి, తిప్పడానికి ఇనప తాళం. రెండోది ట్రాన్స్‌పాండర్ అనే బుల్లి చిప్పు. బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దదిగా, గాజు గొట్టంలోనో నల్లటి దిమ్మలానో ఉంటుంది. దీనికి సెల్లు అక్కర్లేదు. ఇగ్నిషన్ చుట్టూ ఉన్న తీగచుట్ట 125 కిలోహెర్ట్జ్ దగ్గర పంపే శక్తితోనే మేలుకుని, నేను ఫలానా అని జవాబు చెప్తుంది. ఆ జవాబు సరిగ్గా ఉంటేనే ఇంజను అంటుకుంటుంది. దీన్నే ఇమ్మొబిలైజర్ అంటారు. మూడోది, మనం రోజూ నొక్కే రిమోట్. సెల్లు, ఒకటో రెండో స్విచ్చులు, చిన్న బోర్డు, 433 మెగాహెర్ట్జ్ దరిదాపుల్లో కూసే ట్రాన్స్‌మిటర్. కొన్ని మోడళ్ళలో రెండో పనీ మూడో పనీ ఒకే చిప్పు చేస్తుంది. అయినా సరే, ఇంజను స్టార్టవడానికి సెల్లు మాత్రం అక్కర్లేదు.

అంటే ఏమిటన్నమాట? రిమోట్ చచ్చిపోయినా ఇనప తాళంతో తలుపు తీసుకుని బండి స్టార్టు చేసుకోవచ్చు. కొన్ని కార్లలో అలారం కాసేపు గోల చేస్తే చెయ్యొచ్చు, అంతే. దొంగని ఆపేది ప్రధానంగా ఆ రెండో వస్తువు. పాడయ్యేది మాత్రం నూటికి తొంభై సార్లు మూడోది. (ఈ తొంభై నా అంకె. పరిశోధన కాదు, పదేళ్ళుగా తెలిసినవాళ్ళ తాళాలు విప్పిన అనుభవం.) ఆ మూడోదాంట్లో కూడా పాడయ్యేవి ఎంచితే వేళ్ళు మిగిలిపోతాయి. సెల్లు అయిపోవడం. సెల్లుని పట్టుకునే రేకు వదులవడం. తాళం పదిసార్లు కింద పడి టంకం విడిపోవడం. రబ్బరు మీట చిరిగి నీళ్ళు చేరడం. అన్నిటికన్నా ఎక్కువగా, రోజుకి పదిసార్లు నొక్కి నొక్కి ఆ బుల్లి స్విచ్చి అరిగిపోవడం.

ఇక్కడో పిట్టకథ. కొందరి ఇళ్ళల్లో చంటిపిల్లలకి ఆడుకోడానికి కారు తాళం ఇస్తారు. ఆ రిమోట్లో ప్రతి నొక్కుకీ ఒక లెక్క పెరుగుతుంది, కారు కూడా తన లెక్క తను ఉంచుకుంటుంది. ఎవడో గాల్లోంచి పట్టిన పాత సిగ్నల్‌ని మళ్ళీ వాడకుండా ఉండటానికి ఈ ఏర్పాటు. దీన్నే రోలింగ్ కోడ్ అంటారు. కారుకి దూరంగా కూర్చుని పిల్లాడు ఓ వందసార్లు నొక్కాడనుకోండి, లెక్కలు తప్పుతాయి. కీలాక్ అనే పాత పద్ధతిలో మామూలుగా 16 నొక్కుల తేడా వరకూ కారు పట్టించుకోదు. అది దాటితే, కారు దగ్గర నిలబడి వరసగా రెండుసార్లు నొక్కితే మళ్ళీ లెక్క కలుపుకుంటుంది. మరికొన్ని కార్లకి యజమాని పుస్తకంలోనే రాసి ఉంటుంది, ఇగ్నిషన్ తిప్పి ఫలానా బటన్ పట్టుకోండి అని. సొరుగులో మగ్గుతున్న ఆ పుస్తకం ఎవడు తీస్తాడు? "రిమోట్ పోయింది" అని సర్వీసు సెంటర్‌కి పరిగెడతాం.

మా ఇంట్లో ఉన్నది 2012 మోడల్ హ్యాచ్‌బ్యాక్. ఆ మధ్య దాని తాళంలో లాక్ బటన్ మొండికేసింది. గోరు దిగేలా నొక్కితే ఒకోసారి పడుతుంది, ఒకోసారి లేదు. అన్‌లాక్ మాత్రం వేలు ఆనిస్తే చాలు, ఇరవై అడుగుల దూరం నుంచి కూడా పలుకుతుంది. ఇంతే సమాచారం. దీంతో ఏం తేలుతుంది? అన్‌లాక్ పని చేస్తోందంటే సెల్లు బాగుంది, చిప్పు బాగుంది, ట్రాన్స్‌మిటర్ బాగుంది, కారులోని రిసీవర్ బాగుంది, లెక్కలు కలిసే ఉన్నాయి. గట్టిగా నొక్కితే లాక్ కూడా పడుతోంది కాబట్టి కారులో లాకు మోటార్లూ బాగున్నాయి. ఇక మిగిలింది ఒక్కటే, ఆ లాక్ స్విచ్చి. ఇది కనిపెట్టడానికి ఇంజనీరింగు డిగ్రీ కూడా అనవసరం, మా అమ్మ చెప్పగలదు.

సర్వీసుకి ఇచ్చినప్పుడు ఎలాగూ వెళ్ళాను కదా అని అడిగా. అడ్వైజర్ కుర్రాడు మర్యాదస్తుడే, ట్యాబులో ఏదో కొట్టి చూసి "కొత్త కీ వేయించాలి సార్, ప్రోగ్రామింగుతో కలిపి 13 వేల చిల్లర, పార్టు రావడానికి పదిరోజులు" అన్నాడు. స్విచ్చి ఒక్కటే మార్చొచ్చు కదా అన్నా. "సెక్యూరిటీ రీజన్స్ సార్, కీ ఓపెన్ చెయ్యకూడదు." సెల్లు మార్చడానికి మీరే తెరుస్తారు కదా బాబూ, అప్పుడు సెక్యూరిటీ ఏమవుతుంది? కుర్రాడు ఇబ్బందిగా నవ్వాడు. ఇంకో రెండు ప్రశ్నలయ్యాక అసలు మాట బయటికొచ్చింది. "స్విచ్చికి మా సిస్టమ్‌లో పార్ట్ నంబర్ లేదు సార్."

ఆ సంభాషణ మొత్తంలో నికార్సయిన నిజం ఆ ఒక్క వాక్యమే. వాళ్ళ సిస్టమ్‌లో అన్నిటికన్నా చిన్న వస్తువు 'తాళం'. అంతకన్నా చిన్నది లోకంలో లేదు. లేనిదానికి బిల్లు రాయలేరు, బిల్లు రాయలేని పని చెయ్యలేరు. ఇందులో ఆ కుర్రాడి తప్పేం లేదు, వాడికి టార్గెట్లుంటాయి. గోటితో పోయేదానికి గొడ్డలి తెమ్మని పైవాళ్ళే నిర్ణయించి, గోరు అనే మాటని కేటలాగులోంచి తీసేశారు. దానికి 'సెక్యూరిటీ' అని ముసుగేశారు.

మర్నాడు శనివారం. కోఠీ గుజరాతీ గల్లీలో విడిభాగాలు అమ్మే కొట్లు మీలో చాలామందికి ఇంజనీరింగు ప్రాజెక్టు రోజులనుంచీ తెలిసే ఉంటాయి. నాలుగు కాళ్ళ స్విచ్చి, ఒక్కోటి 5 రూపాయలు. అక్కడికి దగ్గర్లోనే భూతద్దం దీపం కింద ఫోన్లు బాగుచేసే ఒక భాయ్ ఉన్నాడు. బోర్డు చూసి, "బోర్డు మంచిగనే ఉందన్నా, బటనే ఖరాబైంది. రెండోది గూడ రేపో మాపో పోతది, అది గూడ మారుస్త" అన్నాడు. ఇరవై నిమిషాలు. 150 తీసుకున్నాడు. స్విచ్చిల ఖర్చు 10. అన్‌లాక్ స్విచ్చి అడక్కుండానే మార్చిన అతని పద్ధతిని మన భాషలో ప్రివెంటివ్ మెయింటెనెన్స్ అంటారు. దానికి పెద్ద కంపెనీలు ఏడాది ఒప్పందాలు రాయించుకుంటాయి.

ఇప్పుడు ఆ ముసుగు సంగతి. కారు తాళం లోపలి వ్యవహారం రహస్యంగా ఉంచడమే కారుకి రక్ష అనే వాదన ఉంది చూశారూ, దానికి గత ఇరవై ఏళ్ళ చరిత్రే సాక్ష్యం, అదీ వ్యతిరేక సాక్ష్యం. కీలాక్ సంగతే తీసుకోండి. 1980లలో దక్షిణాఫ్రికాలో పుట్టింది, 1995లో మైక్రోచిప్ కంపెనీ కోటి డాలర్లు పెట్టి కొనుక్కుంది, చాలా కార్ల రిమోట్లలోకీ గ్యారేజీ తలుపుల్లోకీ వెళ్ళింది. అల్గారిథమ్ రహస్యం. 2006లో అది ఇంటర్నెట్‌కి పొక్కింది. 2007లో దాన్ని గణితపరంగా బద్దలుకొట్టే పేపర్లు వచ్చాయి. 2008లో జర్మనీలోని బోహుమ్ యూనివర్సిటీవాళ్ళు రిసీవర్ వాడుకునే కరెంటుని కొలిచి, అందులోంచి తయారీదారు అసలు కీనే లాగేశారు. ఆ తర్వాత గాల్లోంచి రెండు సిగ్నళ్ళు పట్టుకుంటే చాలు, రిమోట్‌కి నకలు తయారు.

ఇమ్మొబిలైజర్లూ అంతే. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్పులో కీ పొడవు 40 బిట్లు. 40! దాన్ని 2005లో జాన్స్ హాప్‌కిన్స్, ఆర్‌ఎస్‌ఏ ల్యాబ్స్ పరిశోధకులు విప్పేశారు. మెగామోస్ క్రిప్టో అనే ఇంకో చిప్పు కథ మరీ విచిత్రం. అందులో లోపాలున్నాయని పరిశోధకులు 2012లోనే చిప్పు తయారీదారుకి చెప్పారు. 2013లో ఫోక్స్‌వ్యాగన్ లండన్ హైకోర్టుకెళ్ళి ఆ పేపరు అచ్చుకాకుండా నిషేధం తెచ్చుకుంది. అది చివరికి 2015లో బయటికొచ్చింది. ఆ రెండేళ్ళూ దాచింది కొనుక్కున్నవాడి దగ్గర. మరుసటి ఏడే, 2016లో, అదే గ్రూపు కార్ల రిమోట్ల మీద ఇంకో పేపరు. కోట్లాది బండ్లకి కలిపి నాలుగైదు ఉమ్మడి మాస్టర్ కీలే వాడారని తేలింది. ఇంత పెద్ద వీధికి గుప్పెడు తాళాలన్నమాట! మనలో ఎవరైనా ప్రొడక్షన్ పాస్‌వర్డు అన్ని క్లయింట్లకీ ఒకటే పెడితే ఉద్యోగం ఉంటుందా?

సిస్టమ్ లోపలి వివరాలన్నీ శత్రువుకి తెలిసినా కీ ఒక్కటి దాగి ఉంటే చాలు, అలా ఉండాలి డిజైను అని కెర్కోఫ్స్ అనే ఆయన 1883లోనే చెప్పాడు. మనం కాలేజీలో చదువుకుని పాసయ్యాం కూడా. ఆ లెక్కన నా తాళంలో స్విచ్చి మారిస్తే పోయే సెక్యూరిటీ ఏదైనా ఉంటే, అది మొదటినుంచీ లేనిదే.

ఇది నా ఒక్కడి ఏడుపు కాదు. మన దేశంలోనే కాంపిటీషన్ కమిషన్ దీని మీద 2014 ఆగస్టులో తీర్పిచ్చింది. షంషేర్ కటారియా అనే ఆయన 2011లో ఫిర్యాదు చేస్తే, విచారణ 14 కార్ల కంపెనీల దాకా వెళ్ళింది. విడిభాగాలూ, డయాగ్నొస్టిక్ పరికరాలూ బయటి మెకానిక్కులకి దొరక్కుండా చేస్తున్నారని తేల్చి, సుమారు 2,545 కోట్ల జరిమానా వేసింది. బయట రిపేరు చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అనే షరతు పెట్టకూడదని కూడా చెప్పింది. కంపెనీలు అప్పీళ్ళకి వెళ్ళాయి, వెళ్ళకుండా ఉంటాయా. 2022లో కేంద్రం 'రిపేరు హక్కు' మీద కమిటీ వేసి, డిసెంబరులో పోర్టలు కూడా తెరిచింది. కార్లు అందులో ఒక విభాగం. మంచిదే. కానీ స్విచ్చికి పార్ట్ నంబరే లేని కేటలాగుని పోర్టల్లో పెడితే నాకు ఒరిగేదేముంది?

ఇక ఎదురు వాదనలు. మా ఆఫీసులో భోజనాల దగ్గర ఈ సంగతి ఎత్తితే రెండు రకాల జవాబులొచ్చాయి.

మొదటిది: "గల్లీలో ఎవడు పడితే వాడు తాళాలు చేసేస్తే దొంగలకి పండగే కదా". కొత్త తాళాన్ని కారుకి జత చెయ్యడమూ, ఉన్న తాళంలో స్విచ్చి మార్చడమూ ఒకటి కాదు. రెండోదానిలో రహస్యం దేన్నీ ముట్టుకోం, తాళం ఎవరి దగ్గరుంటే వాళ్ళ దగ్గరే ఉంటుంది. మొదటిదానికి జాగ్రత్త కావాలి, ఒప్పుకుంటా. ఆర్‌సీ చూడండి, ఆధార్ చూడండి, నా వేలిముద్ర కూడా తీసుకోండి. కానీ చూశాక, ఆ జత చేసే పిన్ నంబరు కారు కొన్న నాకు ఇవ్వాలి. ఇదేదో గొంతెమ్మ కోరిక అనుకోకండి. ఒకప్పుడు ఫియట్ వాళ్ళు కారుతో పాటు 'కోడ్ కార్డు' అని ఇచ్చేవాళ్ళు, ఓపెల్ వాళ్ళు 'కార్ పాస్' ఇచ్చేవాళ్ళు. ఇమ్మొబిలైజర్ కోడూ, తాళం కోత నంబరూ దాని మీదే ఉండేవి. బీరువాలో దాచుకోండి, కారులో మాత్రం పెట్టకండి అని చెప్పేవాళ్ళు. మనల్ని పెద్దమనుషుల్లా చూసిన రోజులవి.

పైగా బండి నిజంగా దొంగల పాలైతే ఇన్సూరెన్సు వాడు మొట్టమొదట అడిగేది "రెండు తాళాలూ తెండి" అని. ఒకటి లేకపోతే క్లెయిము చుట్టూ ఎన్ని తిప్పలో పడినవాడికి తెలుసు. అంటే తాళం పోతే బాధ్యత నాది, తాళం గుట్టు మాత్రం వాళ్ళది. బాగుంది లెక్క!

రెండో జవాబు నన్ను ఎక్కువ బాధపెట్టింది. "13 వేలు మనకో లెక్కా బాస్, శనివారం అంతా కోఠీలో తిరగడం కన్నా అదే నయం." మనకి లెక్క కాకపోవచ్చు. ఆ కారు రేపు మన దగ్గరే ఉంటుందా? పదేళ్ళు వాడి మనం అమ్మేస్తే కొనేది ఎవరు? ఏ బడిపంతులో, కొత్తగా క్యాబు నడుపుకుందామనుకున్న కుర్రాడో. వాడికి 13 వేలంటే ఒక నెల ఇల్లు గడవడం. మనం నోరుమూసుకుని కట్టినన్నాళ్ళూ "కస్టమర్లు ఇష్టంగానే మార్పించుకుంటున్నారు" అని వాళ్ళ రిపోర్టుల్లో గీత పైకే పోతుంది. ఆ భాయ్ లాంటివాళ్ళ దగ్గరికి ఎవడూ వెళ్ళకపోతే ఆ భూతద్దం దీపం ఒకరోజు ఆరిపోతుంది. ఆ తర్వాత మోడల్ ఆగిపోయి, కొత్త తాళాలు రావడం మానేశాక, అదే సర్వీసు సెంటర్ "ఈ పార్టు ఇక రాదు సార్, ఎక్స్‌ఛేంజ్ ఆఫర్ చూడమంటారా" అంటుంది. అప్పుడు 13 వేలు ఇస్తామన్నా తీసుకునేవాడుండడు.

ఇంకో సంగతి కూడా అనుకోవాలి, ఎవరికీ నచ్చకపోయినా. ఆ కేటలాగు సాఫ్టువేరు, ఆ డయాగ్నొస్టిక్ టూలు, 'ఆథరైజ్డ్ డీలర్ మాత్రమే' అనే ఆ లాగిన్ పేజీ, ఇవన్నీ ఆకాశంలోంచి ఊడిపడలేదు. గచ్చిబౌలిలోనో వైట్‌ఫీల్డులోనో కూర్చుని ఎవరో రాశారు. రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటులో 'యజమానికి కోడ్ చూపించు' అనే లైను లేకపోతే రాసేవాడు రాయడు, నిజమే. కానీ రివ్యూ మీటింగులో "యజమాని సంగతేంటి?" అని ఒక్కడు అడిగితే పోయేదేముంది? ప్రశ్నలడగడానికే కదా మనకి జీతాలిచ్చేది.

మీ తాళం మొరాయిస్తే ముందు రెండో తాళం బీరువాలోంచి తీసి నొక్కి చూడండి. అది పని చేస్తే లోపం మొదటి తాళంలోనే. రెండూ పని చెయ్యకపోతే అప్పుడు కారు వైపు చూడాలి. సెల్లు మీద సీఆర్2032 అనో సీఆర్1620 అనో ఉంటుంది, అదే నంబరుది మంచి కంపెనీది వెయ్యండి, ప్లస్సు వైపు చూసుకుని. టీవీ రిమోట్‌లాగా ఫోను కెమెరా ముందు పెట్టి చూస్తే ఏమీ కనపడదు, ఇది రేడియో. ఒక బటనే మొండికేస్తే స్విచ్చి. పైడొక్కు పగిలితే డొక్కు ఒక్కటే మార్పించుకోండి, విడిగా దొరుకుతుంది. కానీ ఆ పని మీ కళ్ళముందే జరగాలి, ఎందుకంటే ట్రాన్స్‌పాండర్ చిప్పు చాలా తాళాల్లో బోర్డు మీద ఉండదు, పాత డొక్కులో ఓ మూల ఇరుక్కుని ఉంటుంది. చూసుకోకుండా డొక్కు చెత్తబుట్టలో పారేస్తే బటన్లు భేషుగ్గా పని చేస్తాయి, బండి మాత్రం స్టార్టవదు.

నా వరకూ ఇంకో పని మిగిలుంది. వచ్చే సర్వీసుకి వెళ్ళినప్పుడు నా కారు ఇమ్మొబిలైజర్ పిన్ నంబరు ఇమ్మని కాగితం మీద రాసి ఇవ్వబోతున్నా, ఆర్‌సీ కాపీ జతచేసి. ఇవ్వమంటారని తెలుసు. ఆ ఇవ్వమన్నదే స్టాంపు వేసి రాసిమ్మంటా.